నలభై ఎనిమిది సెకన్లు

బుధవారం పదిన్నరకు డిటెక్టివ్ ఆస్పత్రి మూడో అంతస్తులోని ట్యాంకుల గదికి చేరేసరికి ఇన్‌స్పెక్టర్ వాంగ్మూలం రాయించి సిద్ధంగా పెట్టాడు. కింద సంతకం ఒక్కటే తక్కువ.

సంతకం పెట్టాల్సిన మనిషి గోడవారన స్టూలు మీద కూర్చుని ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఈ గదికి కాపలా, ఆలనా పాలనా అన్నీ ఆమే. గడ్డకట్టించినవాటిని గడ్డకట్టినట్టే ఉంచడం ఆమె ఉద్యోగం. అందుకని ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ దగ్గర్నుంచి లిఫ్టు మనిషి వరకు అందరికీ ఆమె ఐసమ్మ.

“రండి వదినా. కాస్త ఆలస్యమైంది మీకు. కేసు అయిపోయింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అతను డిటెక్టివ్ భర్తకు సొంత తమ్ముడు. ఆదివారాలు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. మిగతా ఆరు రోజులూ ఒకరి దారికి ఒకరు అడ్డం.

“అయిపోయిన కేసుకి నన్నెందుకు లోపలికి రానిచ్చావు?”

“మా అన్నయ్య మొహం చూసి.”

ఆమె బ్యాగులోంచి రూళ్ళ నోటుపుస్తకం తీసింది. అందులో సోమవారం సాయంత్రం రాసుకున్న సంగతులు ఒక పేజీకి మించి లేవు.

క్లయింటు ఒక లెక్కల టీచర్. ముప్పై ఒక్క ఏళ్ళు. పందొమ్మిదో ఏట బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. వాడబోయే మందులకు అండాశయాలు మాడిపోతాయని తెలిసి, మందులు మొదలుపెట్టకముందే ఒక అండాశయంలోంచి కొంత భాగం కోసి తీశారు. దాన్ని ఎనిమిది పలచటి ముక్కలుగా చేసి, ఎనిమిది ట్యూబుల్లో పెట్టి ద్రవ నైట్రోజన్‌లో దాచారు. జబ్బు తగ్గింది. పెళ్ళయింది. పన్నెండేళ్ళ తరవాత ఇప్పుడు ఆ ముక్కల్ని తిరిగి ఆమె ఒంట్లో కుట్టాలి. ఒక ముక్కను కిందటి నెల పరీక్షకు వాడారు. మిగిలినవి ఏడు. ఆపరేషన్ ఎల్లుండి శుక్రవారం పొద్దున ఎనిమిదికి. సోమవారం పొద్దున తొమ్మిదీ పదికి పెద్ద డాక్టర్ ఒకసారి లెక్క చూడమంది. ఏడుకి ఏడూ లేవు.

డాక్టర్ పోలీసులకు ఫోన్ చేసింది. టీచర్ మాత్రం ఆ సాయంత్రమే డిటెక్టివ్ దగ్గరికి వచ్చింది. “పోలీసులు ఎవరు తప్పు చేశారో వెతుకుతారు. నాకు అవి ఎక్కడున్నాయో కావాలి,” అంది.

“ఏం జరిగిందో చెప్పు మరిదీ. వింటాను,” అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ ఒక పొడుగాటి గ్రాఫు కాగితం బల్ల మీద పరిచాడు. “ఇది ఆ ముక్కలున్న మూడో ట్యాంకు చలి లెక్క. మెషీన్ పది సెకన్లకోసారి రాసుకుంటుంది. మూత దగ్గర సున్నాకి కింద నూట తొంభై డిగ్రీలు ఉండాలి. పోయిన గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా పన్నెండుకి నూట నలభైకి వచ్చేసింది. అంటే వేడెక్కింది. నైట్రోజన్ తగ్గింది, ఈవిడ పోయడం మరిచిపోయింది, ముక్కలు పాడయ్యాయి. భయపడి చెత్తలో పడేసి చేతులు దులుపుకుంది. నిర్లక్ష్యం, సాక్ష్యం మాయం చేయడం. అంతే.”

“ఆ ట్యాంకులో ఇంకెంతమందివి ఉన్నాయి?”

“నలభై ముగ్గురివమ్మా,” అంది ఐసమ్మ. ఆ పూట ఆమె నోరు విప్పడం అదే మొదలు.

“అవి పాడయ్యాయా?”

పెద్ద డాక్టర్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. “లేదు. పరిశోధనకి ఇచ్చినవి ఐదు తీసి చూశాం. నిక్షేపంగా ఉన్నాయి,” అంది.

డిటెక్టివ్ మరిదివైపు తిరిగింది. “మీ ఇంట్లో ఫ్రిజ్ చెడిపోతే నీ ఒక్కడి పాలప్యాకెట్టే విరుగుతుందా?”

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ గ్రాఫువైపు చూశాడు.

ఆమె గ్రాఫు మీద వేలు జరిపింది. “గీత పైకి లేచింది ఒంటిగంటా పన్నెండు నిమిషాలకి. కిందికి తిరిగింది పదమూడో నిమిషం రాకముందే. నైట్రోజన్ తగ్గితే గంటల తరబడి మెల్లగా లేస్తుంది, ఇలా కొండ కొమ్ములా లేవదు. ఇది మూత తీసి పెట్టడం. యాభై సెకన్లు, అటూ ఇటూ.” రెండో కాగితం లాక్కుంది. “ఇదేమిటి?”

“మూలనున్న పెద్ద ట్యాంకుది. మిగతా ట్యాంకుల్లోకి నైట్రోజన్ అందులోంచే పోస్తాం,” అంది డాక్టర్.

“అదే రోజు ఒంటిగంటా అయిదుకి అందులో మట్టం నాలుగు లీటర్లు తగ్గింది. రిజిస్టరులో ఎవరూ రాయలేదు. నాలుగు లీటర్లు ఎందుకు సరిపోతాయి?”

డాక్టర్ కాగితం మీదికి వంగి చూసింది. “చేత్తో మోసుకెళ్ళే చిన్న క్యాన్ ఒకటి నింపడానికి.”

“క్యాన్‌లో ఎన్నాళ్ళుంటాయి?”

“మహా అయితే వారం.”

“చెత్తలో పడేసేవాళ్ళు ముందు నాలుగు లీటర్ల నైట్రోజన్ నింపుకోరు.” డిటెక్టివ్ నోటుపుస్తకం మూసింది. “ప్రాణం పోకుండా తీసుకెళ్ళారు. ఇవాళ్టికి ఆరో రోజు. అంటే ఈపాటికి వాటిని ఇంకో ట్యాంకులోకి మార్చి ఉండాలి.”

ఇన్‌స్పెక్టర్ మొహంలో మెల్లగా నవ్వు పాకింది. “భేష్ వదినా. నిర్లక్ష్యం కాదు, దొంగతనం అన్నమాట. మీరొచ్చి ఈవిడకి మేలు చేస్తారనుకున్నా. మూడు నెలల జైలుతో పోయేదాన్ని మూడేళ్ళు చేశారు.”

స్టూలు మీది మనిషి తలెత్తలేదు.

డిటెక్టివ్ వరండాలోకి వెళ్ళి నైట్రోజన్ పంపే కంపెనీకి ఫోన్ చేసింది. ఈ వైపు వాళ్ళ బండి ఎన్ని చోట్ల ఆగుతుందని అడిగింది. రెండే చోట్లని చెప్పారు. ఒకటి ఈ ఆస్పత్రి. రెండోది పశువుల గర్భధారణ కేంద్రం. అక్కడ ఎద్దుల వీర్యం నిల్వ ఉంచడానికి ఇలాంటి ట్యాంకులే ఉన్నాయి.

ఆ ఫోన్ పెట్టేయగానే టీచర్ ఫోన్ వచ్చింది. టైము పదకొండు నలభై.

“ఏమైనా తెలిసిందాండీ?”

“అవి బాగానే ఉన్నాయని నా నమ్మకం. దగ్గర్లో నైట్రోజన్ ఉండే చోటు పశువుల కేంద్రం ఒక్కటే. ఇక్కడి పని తెముల్చుకుని మూడింటికి వెళ్ళి చూస్తాను.”

టీచర్, “మీరు చాలా తొందరగా కనుక్కున్నారు,” అంది. ఫోన్ పెట్టేసింది.

డిటెక్టివ్ తిరిగి గదిలోకి వచ్చి తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉంటాయని అడిగింది. ముగ్గురి దగ్గర. పెద్ద డాక్టర్, ఐసమ్మ, పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఆ అమ్మాయికి ఇరవై ఏడేళ్ళు. నాలుగేళ్ళ నుంచి థీసిస్ రాస్తోంది, వాలకం చూస్తే నాలుగు రోజుల నుంచి సరిగా తిన్నట్టు లేదు. ఆమెనూ పిలిపించారు.

“ఈ ట్యాంకులో కొత్తవాళ్ళకి పని నేర్పడానికి ఖాళీ ట్యూబులు పెడతారట కదా?” అని డిటెక్టివ్ అడిగింది.

“ఆ, మూడుంటాయి. ఒక్కోటి ఒక్కో డబ్బాలో, కడ్డీకి తగిలించి. టీచరువి ఏడూ కూడా అలాగే ఒకే కడ్డీకి ఉండేవి,” అంది డాక్టర్.

“ముగ్గురూ తలా ఒకటి తీయండి. ఎక్కడుందో రిజిస్టరులో చూసుకునే తీయండి. మూత తీసినప్పట్నుంచి మళ్ళీ పెట్టేదాకా నేను టైము చూస్తాను.”

“ఇది స్కూల్లో ఆటల పోటీ కాదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“కాదు. అందుకే నువ్వు కూడా నీ గడియారం చూడు. తరవాత నేను అబద్ధం చెప్పానంటావు.”

ముందు డాక్టర్ తీసింది. మూత ఎత్తగానే తెల్లటి పొగ అంచులు దాటి నేల మీదికి జారింది. లోపల ఆరు పొడుగాటి డబ్బాలు కొక్కేలకు వేలాడుతున్నాయి. ఆమె మొదట తప్పు డబ్బా పైకి లాగింది, దించింది, ఇంకోటి లాగింది, పట్టకారుతో తడిమింది. ట్యాంకు చేత్తో ముట్టుకుని ఆరేళ్ళయిందని ఆమే ఒప్పుకుంది. రెండు నిమిషాల యాభై సెకన్లు.

పరిశోధన అమ్మాయికి రెండోసారికి గానీ ట్యూబు పట్టకారుకి చిక్కలేదు. నిమిషం ముప్పై అయిదు సెకన్లు.

ఐసమ్మ లేచింది. నీలం చేతి తొడుగులు వేసుకుంది. రిజిస్టరువైపు ఒక్కసారి చూసింది. ఆ తరవాత ఆమెకి ఆ గదిలో ఎవరూ లేనట్టే ఉంది. మూత, కొక్కెం, డబ్బా. డబ్బాని ట్యాంకు మెడ దాటి ఒక్క అంగుళం కూడా పైకి రానివ్వలేదు. పట్టకారు ఒక్కసారే లోపలికి వెళ్ళి ఒక్కసారే పైకొచ్చింది. మూత పడింది.

ఇన్‌స్పెక్టర్ తన గడియారం చూసుకున్నాడు. గ్రాఫు చూశాడు. మళ్ళీ గడియారం చూశాడు.

“నలభై ఎనిమిది,” అన్నాడు.

ఐసమ్మ తొడుగులు ఒక్కో వేలే లాగి తీసింది. ఖాళీ ట్యూబును బల్ల మీద నిలబెట్టింది.

“పది నిమిషాలు నాకు వదిలెయ్. మిగతావాళ్ళని కూడా తీసుకెళ్ళు,” అంది డిటెక్టివ్.

“పదే. పదకొండో నిమిషం నాది.” ఇన్‌స్పెక్టర్ అందర్నీ బయటికి నడిపించి తలుపు దగ్గరికి వేశాడు.

డిటెక్టివ్ ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. “మీరు మెల్లగా తీయొచ్చు. నేను టైము ఎందుకు చూస్తున్నానో మీకు తెలుసు. ఒక్క రెండు నిమిషాలు తడుముకుంటే నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఎందుకు తీయలేదు?”

“లోపల వేరేవాళ్ళవి ఉన్నాయి కదమ్మా,” అంది ఐసమ్మ.

డిటెక్టివ్ పెన్ను మూత పెట్టేసింది. రాసుకోవడానికి అందులో ఏమీ లేదు.

“ఏడూ మీరే తీశారు.”

“నేనే.”

“ఎవరడిగితే?”

“ఎవరూ అడగలా.” ఐసమ్మ చీర చెంగుతో వేళ్ళు తుడుచుకుంది. వేళ్ళ చివర్ల చర్మం తెల్లగా, మొద్దుబారి ఉంది. “బయట నిలబడ్డ ఆ అమ్మాయి లేదూ, తను కొత్త పరీక్షొకటి చేస్తోంది. ఇట్లాంటి ముక్కల్లో పాత జబ్బు తాలూకు కణాలు దాక్కుని ఉన్నాయేమో వెతికే పరీక్ష. మైక్రోస్కోపులో చూస్తే అవి కనపడవు. లక్షల్లో ఒకటో రెండో ఉంటాయి. టీచరమ్మ ముక్క ఒకటి కిందటి నెల పరీక్ష చేశారు కదా. డాక్టరుగారు మైక్రోస్కోపులో చూసి శుభ్రంగా ఉందని రాశారు. అందులో మిగిలిన కాస్తా నంబరేసి ఈ అమ్మాయికి ఇచ్చాం. పదిహేడో నంబరు.”

“అందులో దొరికాయి.”

“దొరికాయి. పదిహేడు ఎవరని ఆ పిల్ల అడక్కూడదు, నేను చెప్పకూడదు. పరిశోధన రూలు. ఏ నంబరు ఎవరిదో ఉన్న పుస్తకం నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది. టీచరమ్మ పందొమ్మిదేళ్ళ పిల్లగా వచ్చిందమ్మా ఇక్కడికి. నా కూతురి ఈడు. ఆ ఎనిమిది ముక్కలూ గడ్డకట్టించింది నేను. పన్నెండేళ్ళు మంగళవారం, శుక్రవారం నైట్రోజన్ పోసింది నేను. శుక్రవారం వాటిని కరిగించి పళ్ళెంలో పెట్టి ఆపరేషన్ గదిలోకి అందించాల్సింది కూడా నేనే. ఆ రక్తం జబ్బుని నా చేత్తో నేనే మళ్ళీ ఆ పిల్లకి ఎట్లా ఇచ్చేది?”

“డాక్టరుకి చెప్పొచ్చుగా? ఆవిడే ఆపేసేది.”

“ముందు ఆ పిల్లకే చెప్పా. కిందటి వారం మంగళవారం. తన ఒంటి సంగతి తనకి తెలియాలి కదా అని.”

డిటెక్టివ్ తల చటుక్కున పైకి లేచింది. “టీచరుకి తెలుసా?”

“ఏడవలేదు. కేక పెట్టలేదు. డాక్టరుగారికి తెలుసా అని అడిగింది. తెలీదన్నా. చెప్పొద్దంది. చేతిలో చెయ్యి వేయించుకుంది. చెప్పనని మాటిచ్చా, చెప్పలా. తీసి దాచా.”

“దాచడమెందుకు? పారేస్తే పీడా పోయేది.”

“ఎట్లా పారేస్తానమ్మా? అవి తప్ప ఆ పిల్లకి ఇంకేం లేవు.” మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. “ఆ పరిశోధనమ్మాయి అసలు పని ఏంటనుకున్నారు? ముక్కలోంచి అండాలు విడదీసి బయటే పెంచడం. అది కుదిరితే ముక్కని ఒంట్లో పెట్టక్కర్లేదు, జబ్బు భయం ఉండదు. ఎలకల్లో అయింది. మనుషులవి సగం దాకా పెరిగి ఆగిపోతున్నాయి. ఇంకో రెండేళ్ళో మూడేళ్ళో పడుతుందంటున్నారు. అందాకా ఎక్కడో ఒకచోట చల్లగా ఉంటే చాలనుకున్నా.”

తలుపు తెరుచుకుంది. పదకొండో నిమిషం. ఇన్‌స్పెక్టర్ గడప మీద నిలబడ్డాడు. మొహం చూస్తే చివరి నాలుగు నిమిషాలూ తలుపుకి చెవి ఆనించి విన్నాడని తెలుస్తోంది.

“ఎక్కడ దాచావు?” అన్నాడు.

ఐసమ్మ చేతి తొడుగులు మడతపెట్టసాగింది.

“పశువుల కేంద్రంలో. మీ వాళ్ళెవరున్నారు అక్కడ?” అంది డిటెక్టివ్.

ఐసమ్మ నిర్ఘాంతపోయి చూసింది. “తమ్ముడు. వాడికేం తెలీదు. ఊరికే ఓ మూల పెట్టమన్నా.”

“మీరే తీశారని టీచర్ కనిపెట్టిందా?”

“సోమవారం పొద్దున అవి లేవని తెలియగానే ఫోన్ చేసింది. మీరే కదూ అంది. నేను పలకలా. ఎక్కడ పెట్టారో చెప్పమని చాలాసేపు బతిమాలింది. చెప్పలా.”

సోమవారం పొద్దున టీచర్ ఐసమ్మని అడిగింది. సోమవారం సాయంత్రం డిటెక్టివ్ దగ్గరికి వచ్చింది. ఎవరు తీశారన్నది ఆమెకు అక్కర్లేదు, ఎందుకంటే అది ఆమెకు తెలుసు. తెలియంది ఒక్కటే. దాన్ని పదకొండు నలభైకి డిటెక్టివే స్వయంగా ఫోన్లో చెప్పింది.

టైము పన్నెండు ఇరవై అయిదు.

“నీ జీపు ఎక్కడుంది?” అంటూ ఆమె లేచింది.

“ఎందుకు?”

“దారిలో చెప్తాను. పద.”

పశువుల కేంద్రం ముప్పై నిమిషాల దూరం. దారిలో డిటెక్టివ్ టీచరుకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పెద్ద డాక్టరుకి పదిహేడో నంబరు సంగతి రెండు వాక్యాల్లో చెప్పింది. డాక్టర్, “శుక్రవారం నేను చెయ్యను. ఆ రిపోర్టు చూశాక ఎవరూ చెయ్యరు,” అంది.

ఐసమ్మ తమ్ముడు రబ్బరు బూట్లతో ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, అక్క పోలికే. పోలీసుల్ని చూసి బెదరలేదు గానీ అయోమయంలో పడ్డాడు.

“అవా? ఆవిడ పట్టుకెళ్ళిపోయిందండీ. అరగంటయింది.”

“ఎవరని ఇచ్చావు?” ఇన్‌స్పెక్టర్ గద్దించాడు.

“ఆవిడవే కదండీ! ట్యూబుల మీదున్న పేరూ, ఆవిడ కార్డు మీదున్న పేరూ ఒకటే. పుట్టినరోజు కూడా సరిపోయింది. ఎవరివి వాళ్ళు అడుగుతుంటే ఇవ్వననడానికి నేనెవర్నండీ?” అతను లోపలికి దారి తీశాడు. ఎద్దుల నంబర్లు రాసిన నాలుగు ట్యాంకుల మధ్య ఒక దాని మూత మీద అక్క పేరు రాసిన చీటీ ఇంకా అంటుకునే ఉంది. “రైతుల ఇళ్ళకి పట్టుకెళ్ళే చిన్న క్యాన్ నింపి ఇచ్చా. మూడు రోజులు ఢోకా లేదు. తిరిగి తెచ్చిస్తానంది.”

“ఇంకేమంది?” అని డిటెక్టివ్ అడిగింది.

“పెద్దగా ఏం లేదండీ. ఎండనపడి వచ్చింది కదా అని టీ ఇస్తానన్నా, వద్దంది. పోనీ మంచినీళ్ళన్నా. అవీ ముట్టుకోలా.” అతను తల గోక్కున్నాడు. “ఆ గోడ మీది పట్టిక చూసి, ఒక్కో ఎద్దుకి ఎన్ని దూడలుంటాయని అడిగింది. వేలల్లో ఉంటాయన్నా. ఇంక మాట్లాడలేదు.”

డిటెక్టివ్ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఎత్తారు. వెనక కారు చప్పుడు వినపడుతోంది.

“దొరికాయండీ. చాలా థాంక్స్,” అంది టీచర్. గొంతు క్లాసులో పాఠం చెప్పే గొంతులా నిలకడగా ఉంది.

“రిపోర్టు సంగతి నా దగ్గర దాచారు.”

“మీరు అడగలేదు.”

“ఆ ముక్కల్లో జబ్బు కణాలున్నాయి.”

“లక్షల్లో ఒకటో రెండో. నేను లెక్కలు చెప్పేదాన్ని.”

“అది కణాల లెక్క. మీకు జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంతన్నది వేరే లెక్క. అది ఎవరికీ తెలీదు.”

“అదీ తెలుసు.”

“మీ ఆయనకి?”

“ఆయన్ని ఇందులోకి లాగకండి.”

“రెండేళ్ళు ఆగితే వేరే దారి దొరుకుతుందంటోంది ఐసమ్మ.”

“పన్నెండేళ్ళ నుంచీ అందరూ నాకు రెండేళ్ళే చెప్తున్నారు,” అంది టీచర్. మొదటిసారి ఆ గొంతులో చిన్న జీర వినిపించింది. “ఆవిడ మీద కోపం లేదని చెప్పండి.”

“ఏ ఆస్పత్రికి వెళ్తున్నారు?”

“మీరు బాగా వెతుకుతారు కదా. అందుకే చెప్పను.”

ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి జీపు బానెట్ మీద పెట్టాడు. “ఏ సెక్షన్ కింద ఆపమంటారు వదినా? ఆవిడ సొత్తు ఆవిడ పట్టుకెళ్ళింది. పోయిన వస్తువు యజమానికి చేరింది. నా కేసు మూతపడింది. మీ కేసు కూడా. ఎక్కడున్నాయో కనుక్కోమంది, కనుక్కున్నారు.”

“ఆమె ఫైల్లో ఏ రిపోర్టు ఉంది?”

“పెద్ద డాక్టర్ రాసింది.”

“అందులో శుభ్రం అని ఉంది. కత్తి పట్టుకునేవాళ్ళు అదే చూస్తారు. ఆమెని నిర్బంధించమని నేననడం లేదు. కొయ్యబోయేవాళ్ళకి నిజం తెలియాలి. తెలిశాక వాళ్ళూ ఆమే తేల్చుకోనీ.”

“సరే. రేపు పొద్దున్నే ఆస్పత్రులన్నిటికీ ఒక ఉత్తరం పంపిద్దాం. క్యాన్ మూడు రోజులుంటుందన్నాడుగా, తొందరేముంది?”

“రేపటిదాకా లేదు.” డిటెక్టివ్ ఐసమ్మ తమ్ముడి వైపు చూసింది. “ఈ ఎండలో బయటి నుంచి వచ్చిన మనిషి మంచినీళ్ళు కూడా తాగలేదు. మత్తు ఇచ్చేముందు కడుపు ఖాళీగా ఉండాలి. ఆపరేషన్ ఇవాళే.”



ఆమె పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది. ముక్కల్ని తిరిగి కుట్టే ఆపరేషన్ తెలిసినవాళ్ళు చుట్టుపక్కల నలుగురే ఉన్నారంది డాక్టర్. ముగ్గురితో అప్పటికప్పుడు మాట్లాడింది. అలాంటి పేషెంటు ఎవరూ రాలేదన్నారు. ఒంటిగంటా ఇరవైకి ఆమే తిరిగి ఫోన్ చేసింది. ఈసారి గొంతు తడబడుతోంది.

“నాలుగో ఆయన నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు వేరే ఆపరేషన్లో ఉన్నాడు, ఫోన్ బయట పెట్టేశాడు. కిందనున్న అమ్మాయిని అడిగితే పేషెంట్ల సంగతి ఫోన్లో చెప్పం అంది. నేనెవరో చెప్పినా వినలేదు. కానీ రెండింటికి ఇంకో ఆపరేషన్ ఉందని నోరు జారింది. మధ్యాహ్నమే దాన్ని జాబితాలో కొత్తగా చేర్చారట. ఒకావిడ పాల క్యాన్ లాంటిది పట్టుకుని ఇప్పుడే పైకి వెళ్ళిందట.”

“ఇక్కడి నుంచి ఎంత దూరం?”

డాక్టర్ చెప్పింది. డిటెక్టివ్ ఫోన్ దించి మరిదివైపు చూసింది. “నలభై అయిదు నిమిషాలట. మనకి నలభై ఉన్నాయి.”

“సైరన్ వేస్తే ముప్పై. కానీ వదినా, రేపు పైవాళ్ళు అడిగితే నేను ఏ సెక్షన్ కింద...”

అతను బానెట్ మీది టోపీ తీసి వెనక సీట్లోకి విసిరి జీపు స్టార్ట్ చేశాడు.